వినే మనిషిని అడగలేదు

ఆదివారం పొద్దున అశోక్‌నగర్‌లో రామచంద్రరావు ముందుగది ఒక చిన్న దర్బారు. రేడియో కొనదలచినవాళ్లు, కొన్న రేడియో గరగరలాడుతోందని తల పట్టుకున్నవాళ్లు, పాటల పెట్టెల్లో ఏది మన్నుతుందో తేల్చుకోలేనివాళ్లు అందరూ అక్కడికే చేరతారు. రామచంద్రరావు సర్కారు ఆఫీసులో సూపరింటెండెంటు. పడకకుర్చీలో వాలి, కళ్లు సగం మూసుకుని, వచ్చినవాళ్ల గోడు మొత్తం ఓపిగ్గా వింటాడు. అంతా విన్నాక, "ఒక్క నిమిషం, కాఫీ సంగతి చూసొస్తాను" అని లోపలికి వెళ్తాడు. తిరిగొచ్చి ఆయన ఏది కొనమంటే అదే కొంటారు. నారాయణగూడ నుంచి కవాడిగూడ దాకా ఆయన మాటకు తిరుగులేదు.

పాఠకులు ఒకసారి ఆయన వెంట వంటింట్లోకి కూడా రావాలి. ఎందుకంటే కాఫీ సంగతి చూడ్డానికి వెళ్లిన పెద్దమనిషి అక్కడ కాఫీ వంక కన్నెత్తి కూడా చూడడు. పొయ్యి ముందు కూర్చున్న భార్య కమలాకుమారి చెవి దగ్గరికి వంగి, "వాళ్లది రైలు పట్టాల పక్కిల్లట. విజయవాడ కేంద్రం రావాలట. ఏం కొనమనను?" అని గుసగుసలాడతాడు.

"కొత్తది ఎందుకూ? ముందు డాబా మీద ఏరియల్ తీగ సరిగ్గా కట్టించుకోమనండి. సగం గరగర అక్కడే పోతుంది" అంటుంది ఆమె, చేతిలో గరిటె ఆపకుండానే.

ఆయన ముందుగదిలోకి వచ్చి కుర్చీలో వాలి, కళ్లు సగం మూసి, "ఏరియల్ చూసుకోవాలయ్యా. సగం గరగర అక్కడే పోతుంది" అంటాడు. వచ్చినవాళ్లు ఆహా అని తలలూపుతారు. ఆ వెనకే కాఫీ వస్తుంది. ఇచ్చిన మనిషి వైపు ఎవరూ చూడరు.

కమలాకుమారి బందరులో పుట్టింది. పెళ్లికి ముందు వీణ నేర్చుకుంది. వీణ పుట్టింట్లోనే ఉండిపోయింది గాని, చెవి మాత్రం ఆమెతోనే వచ్చింది. దుకాణంలో సెట్టు మోగిస్తే, అందులో పాట పాటలా వినబడుతోందో, అడుగున ఉత్త మోత ఉబ్బి మాటల్ని మింగేస్తోందో ఆమెకు ఇట్టే తెలిసిపోతుంది. అందుకే భర్త దుకాణానికి వెళ్లినప్పుడల్లా ఆమెను కూరగాయల సంచీతో వెంట తీసుకుపోయేవాడు. ఆమె గుమ్మం దగ్గరే నిలబడేది. సెట్టు బాగుంటే మాట్లాడకుండా ఉండేది. బాగాలేకపోతే, "ఎండ ముదురుతోందండీ, పోదాం పదండి" అనేది. ఆయన వెంటనే ఆ సెట్టు చూసి పెదవి విరిచేవాడు. పాపం రావు గారికి భార్య నస ఎక్కువని దుకాణంవాళ్లు జాలిపడేవాళ్లు కూడా!

ఇదంతా మొగుడూ పెళ్లాల ముచ్చటేనని మీకనిపించవచ్చు. కమలాకుమారికీ అలాగే అనిపించింది. 'ఎవరి నోటితో చెబితేనేం, వాళ్లు మోసపోకుండా ఉంటే చాలు' అనుకునేది. ఆ సర్దుకుపోవడం వల్ల ఒక మనిషి ఎంత నలిగిపోయిందో చెప్పడానికే ఈ కథ.

రామచంద్రరావుకు ఆఫీసులో ప్రాణస్నేహితుడు బాలకిషన్. సొంతూరు హైదరాబాదే, ఇల్లు చిక్కడపల్లిలో. ఒక ఏడు ఊళ్లో ప్రత్యేక తెలంగాణ గొడవలు రేగి, ఎప్పుడేమవుతుందోనని ఆంధ్రా ప్రాంతపు కుటుంబాలు బిక్కుబిక్కుమంటున్నప్పుడు బాలకిషన్ తనే రిక్షా తీసుకుని అశోక్‌నగర్ వచ్చాడు. "ఇక్కడ మీరు పరేషాన్ అయితుంటే నేను అక్కడ బువ్వ తింట కూసుంటనా అన్న? నడువుండ్రి" అని ఇద్దరినీ తన ఇంటికి తీసుకుపోయాడు. ఊరు చల్లబడేదాకా బాలకిషన్ భార్య సులోచన వాళ్లను కంటికి రెప్పలా చూసుకుంది. కమలాకుమారికి ఎసరు పెట్టే పని కూడా మిగల్చలేదు. ఆ ఆదరణ కమలాకుమారి మరిచిపోలేదు.

గొడవలు సద్దుమణిగాక సులోచనే మంచం పట్టింది. వెన్నుపూసకు క్షయ పట్టిందన్నారు. చంకల కింది నుంచి నడుం దాకా పిండికట్టు కట్టి, నెలల తరబడి కదలకుండా పడుకోవాలన్నారు. కట్టు కట్టింది ఒంటికి, కాని కట్టుబడిపోయింది మనసు. బాలకిషన్ ఆఫీసుకు వెళ్లిపోతే ఇంట్లో మిగిలేది అతని పిన్నమ్మ బాలనాగమ్మ ఒక్కతే. ఆ ముసలావిడ గంజి తాగిస్తుంది, ఒళ్లు తుడుస్తుంది, కాని చెవుడు. పిలిస్తే పలకదు. సులోచనకు రోజంతా పైకప్పు తప్ప మరో తోడు లేదు.

కమలాకుమారి వీలున్నప్పుడల్లా వెళ్లి కూర్చునేది. ఒకనాడు సులోచన అంది.

"పొద్దు పోతలేదక్కా. పక్కింటోళ్ల రేడియో గాలి ఇటు మళ్లితే ఇనబడ్తది. పాట మొదలు ఇనబడ్తది, ఆఖరు ఇనబడది. ఆ ఆఖరు ఎట్లుంటదోనని దినమంతా సోంచాయిస్త."

ఆ మాటకు కమలాకుమారి కళ్లు చెమర్చాయి. "నీ దిండు పక్కన పెట్టుకునేలా చిన్న ట్రాన్సిస్టరు కొనిపిస్తానే. మీట నీ చేతికే అందుతుంది. నేను చెప్పి కొనిపిస్తాగా!" అని మాటిచ్చింది. సులోచన ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తింది. అంతకుముందు రోజుల్లో తిండి దాదాపు మానేసిందని, ఇలాగైతే మందులు ఒంటబట్టవని డాక్టరు హెచ్చరించి వెళ్లాడు.

ఆ ఆదివారమే బాలకిషన్ సలహాకు వచ్చాడు. వెంట ఆఫీసు మిత్రుడు వీరరాఘవరావు కూడా ఉన్నాడు. అతను మనిషి చెడ్డవాడు కాదు గాని డాబు ఎక్కువ. రామచంద్రరావు యథాప్రకారం కాఫీ సంగతి చూడ్డానికి వంటింట్లోకి వచ్చాడు.

"బాలకిషన్ సులోచన కోసం ఏదైనా పాటల పెట్టె కొంటాడట" అన్నాడు.

"పెద్దది వద్దు. చిన్న ట్రాన్సిస్టరు, తోలు సంచీలో ఉండేది. దిండు పక్కన పెట్టుకోవాలి. ఆ పిల్లకు నేను మాటిచ్చాను, గుర్తుంచుకోండి" అంది కమలాకుమారి.

ఆయన తలాడించి వెళ్లాడు. కాసేపటికి ముందుగదిలోంచి గొల్లున నవ్వులు వినబడ్డాయి. వాళ్లు వెళ్లిపోయాక ఆమె అడిగింది. "అంతా చెప్పాను, నువ్వు నిశ్చింతగా ఉండు. ట్రాన్సిస్టరేగా, దుకాణానికి నువ్వు రానక్కర్లేదులే" అన్నాడాయన. ఆమె నమ్మింది. నమ్మక ఏం చేస్తుంది, కట్టుకున్నవాడు!

కొన్నాళ్లకు బాలకిషన్ స్నేహితులను టీకి పిలిచాడు. కొత్త సెట్టు వినిపిస్తానన్నాడు. ట్రాన్సిస్టరుకు టీపార్టీ ఏమిటని ఆమెకు అప్పుడే అనుమానం రావలసింది. చిక్కడపల్లి ఇంటి ముందుగదిలో అడుగు పెడుతూనే ఆమె గుమ్మంలో ఆగిపోయింది. కిటికీ కింద గోడ పొడుగునా, రేడియో, రికార్డుల యంత్రం కలిసిన ఒక రేడియోగ్రాం! బీరువాను పడుకోబెట్టినంత ఉంది. మెరుగు పెట్టిన చెక్క, ముందు రెండు తలుపులు, తలుపులకు ఇత్తడి తాళం. పైన నెమళ్లు కుట్టిన తెల్లటి గుడ్డ పరిచి ఉంది. వీరరాఘవరావు దాని చుట్టూ తిరుగుతూ, ఆహా ఓహో అంటున్నాడు. రామచంద్రరావు అందరికంటే పెద్ద కుర్చీలో కూర్చున్నాడు. ఆయన భార్య కళ్లలోకి చూడలేదు.

కమలాకుమారి నేరుగా లోపలి గదిలోకి వెళ్లింది. సులోచన ముఖం గోడవైపు తిప్పుకుని ఉంది. కడుపు మీద కుట్టుచట్రం, అందులో సగం కుట్టిన మరో నెమలి. దిండు పక్కన మందుసీసాలు తప్ప ఏమీ లేవు.

"సులోచనా, ట్రాన్సిస్టరు ఏదే?"

"ఏ ట్రాన్సిస్టర్ అక్కా?"

"నీకోసం కొనమన్నది!"

సులోచన మెల్లగా ఇటు తిరిగింది. కోపం లేదు ఆ కళ్లలో. కోపం తెచ్చుకునే ఓపిక కూడా పోయింది.

"నువ్వే గదక్కా పెద్దదే మంచిగుంటదని చెప్పినవంట? నేను ఈయనను అడిగిన. నాకు చిన్నదే కావాలె గదా అని చెప్పిన. ఈయన మల్ల మీ ఇంటికి పోతే రామచంద్రరావన్న చెప్పిండంట, ట్రాన్సిస్టర్ వద్దు, మా కమల గూడ రేడియోగ్రామే కొనమన్నదని. ఇగ నేనేమంట? అక్కకు మస్తు తెలుసు, అక్క చెప్పిందంటే నా మంచికే అయ్యుంటదనుకున్న. దానికి గుడ్డ గూడ కుట్టి ఇచ్చిన."

ఇన్నేళ్లుగా కమలాకుమారి మాటలు తన మాటలుగా చెప్పుకున్న మనిషి, జీవితంలో మొదటిసారి ఈవిడ పేరు బయటపెట్టాడు. అదీ ఒక అబద్ధానికి పూచీగా!

"మరి పగలు వింటున్నావా?" అని అడిగింది, తన గొంతు తనకే కొత్తగా వినబడుతుండగా.

"తాళమేసి పోతరు. పిన్నమ్మ తెల్వక చెయ్యి పెడితే ఖరాబైతదని తాళంచెవి జేబుల వేసుకుని ఆఫీసుకు తీస్కపోతరు. పొద్దూకినంక పెడ్తరు. దోస్తులొస్తరు గదా, ఇటు మందుల వాసన వస్తదని ఈ తలుపు దగ్గరికేస్తరు." సులోచన కుట్టుచట్రాన్ని పక్కకు జరిపింది. "నన్ను ఎవరు గూడ అడగలే అక్కా. నువ్వు గూడ అడగలేదనుకున్న. గదే బాధైంది. మల్ల బువ్వ గూడ దిగుతలేదు."

అంతే. కమలాకుమారి అరికాలి మంట నెత్తికెక్కింది. అవతల గదిలో అప్పుడే రికార్డు మొదలైంది. ఎవరో వచ్చి నడిమి తలుపు దగ్గరికి లాగారు. ఆమె ఆ తలుపును తోసుకుని ముందుగదిలోకి నడిచింది. తిన్నగా రేడియోగ్రాం దగ్గరికి వెళ్లి, తిరుగుతున్న రికార్డు మీంచి సూది ఎత్తి పక్కన పెట్టింది. నెమళ్ల గుడ్డను లాగి చేతిలోకి తీసుకుంది.

"కమలా! ఏమిటిది, నలుగురిలో?" అని రామచంద్రరావు లేచాడు.

"నలుగురిలోనే చెప్పాలి. ఇన్నాళ్లూ వంటింట్లో చెప్పింది చాలు." ఆమె గొంతు పెద్దది చేయలేదు. చేయకుండానే గదంతా వినబడింది. "బాలకిషన్ గారూ, చిన్న ట్రాన్సిస్టరు కొనమని చెప్పాను నేను. మీ స్నేహితుడు మీకేం చెప్పారు?"

బాలకిషన్ తెల్లబోయాడు. "అన్న చిన్నదే అని మొదలుపెట్టిండు వదినె. గప్పుడు వీరరాఘవరావు గారు నవ్విన్రు. గది సైకిల్ షాపుల వేలాడేసేది గద, సూపరింటెండెంట్ సలహా గిదేనా అన్నరు. ఇగ అన్న రేడియోగ్రాం అన్నడు. సులోచన చిన్నదే కావాలంటే మల్ల వచ్చి అడిగిన. మీరు గూడ గదే అన్నరని చెప్పిండు."

"విన్నారా?" అంది కమలాకుమారి భర్త వైపు తిరిగి. "ఒక్క నవ్వుకు భయపడ్డారు. ఆ నవ్వు మీ మీద పడకూడదని మంచాన ఉన్న ఆడదాని నోటి దగ్గరి కూడు తీసి అవతల పారేశారు. నా మాట మీ పేరుతో చెప్పుకున్నారు, చెప్పుకోనీలే అన్నాను. తప్పు అక్కడే మొదలైంది. ఈసారి మీ అబద్ధం నా పేరుతో చెప్పారు. దీనికి మాత్రం నేను ఊరుకోను."

వీరరాఘవరావు సర్దిచెప్పబోయాడు. "అమ్మా, ఇంత మంచి యంత్రం... శబ్దం ఇల్లంతా నిండుతుంది కదా!"

"నిండుతుందా? అయితే లేవండి. అందరూ లోపలికి రండి."

ఆ గొంతుకు ఎదురు చెప్పే ధైర్యం ఎవరికీ చాలలేదు. ఒక్కొక్కరే వెళ్లి సులోచన మంచం చుట్టూ నిలబడ్డారు. కమలాకుమారి సూదిని మళ్లీ రికార్డు మీద పెట్టి, తనూ లోపలికి వచ్చి, రోజూ వేసినట్టే తలుపు వేసింది. గోడ అవతల ఎవరో రోకటితో దంచుతున్నట్టు దుమ్ము దుమ్మున మోత. అందులో మాట లేదు, రాగం లేదు. మందుల వాసనలో, ఉక్కపోతలో, పిండికట్టులో బిగిసి పడుకున్న మనిషి పక్కన అంతమందీ ఆ మోతే వింటూ నిలబడ్డారు. పాట ఎప్పుడు ముగిసిందో కూడా వాళ్లకు తెలియలేదు.

"ఇదీ మీరు ఈ పిల్ల కోసం కొన్నది" అంది కమలాకుమారి.

వీరరాఘవరావు చెమట తుడుచుకుంటూ, "తలుపు తెరిచి ఉంచితే సరిపోతుంది కదమ్మా" అని గొణిగాడు.

సమాధానం మంచం మీంచి వచ్చింది. "తలుపు తెరుస్తరు. మరి తాళం ఎవరు తీస్తరు సార్?"

బాలకిషన్ చెయ్యి తెలియకుండానే చొక్కా జేబు మీదికి వెళ్లింది. తాళంచెవి అక్కడే ఉంది. అతను క్రూరుడు కాదు. భార్య జబ్బుకు తిరగని ఆసుపత్రి లేదు. ఆమె కోసమనే ఆ యంత్రం తెచ్చాడు కూడా. తెచ్చిందాన్ని ఆమె ముట్టుకోకుండా తాళం వేస్తున్నానన్న సంగతి మాత్రం ఇన్నాళ్లూ అతని బుర్రకు తట్టనే లేదు. మన ఇళ్లలో జరిగే అన్యాయాల్లో ఎక్కువ భాగం ఇలాంటివే. చేసేవాడికి తెలియనంత మాత్రాన పడేవాళ్లకు అవి చిన్నవి అయిపోవు.

అతను మంచం అంచున కూర్చున్నాడు. "సులోచన, నీకేం కావాల్నో చెప్పు."

ఆ ప్రశ్న ఆమెకు అలవాటు లేదు. పైకప్పు మీంచి చూపు మళ్లించి అతని వైపు చూసింది.

"నా చేతికి అందేది కావాలె. నేనే పెట్టుకోవాలె, నేనే బంద్ చేసుకోవాలె. ఇనాల్ననిపిస్తే ఇంట, వద్దనిపిస్తే ఊకుంట. ఈ మంచం మీద నా ఇష్టంతోని అయ్యే పని ఒక్కటన్న ఉండాలె గద!"

ఇద్దరు ముగ్గురు మగవాళ్లు తలలు దించుకున్నారు. కమలాకుమారి కళ్ల నీళ్లు తుడుచుకోలేదు, కోపమూ దాచుకోలేదు.

"విన్నారుగా! ఇంత చదువుకున్నవాళ్లు, ఇంతమంది కలిసి, ఒక మనిషి వినడం కోసం పెట్టె కొన్నారు. చెక్క చూశారు, మెరుగు చూశారు, చూసినవాళ్లు ఏమనుకుంటారో చూశారు. ఆ మనిషి పక్క గదిలోనే ఉంది. నోరుంది, బుద్ధి ఉంది. నీకేం కావాలమ్మా అని అడగడానికి ఒక్కరికీ ఈ గుమ్మం దాటే తీరిక లేకపోయింది. మన ఇళ్లలో ఏది కొన్నా ఇంతే. వండేదాన్ని అడక్కుండా పొయ్యి కొంటారు, వినేదాన్ని అడక్కుండా రేడియో కొంటారు, పైగా అంతా నీకోసమేనంటారు. అడక్కుండా ఇచ్చేదాన్ని ప్రేమ అనుకోకండి. అది మీ గొప్పకు మీరు చేసుకునే ఊరేగింపు."

నెమళ్ల గుడ్డను మడిచి సులోచన చేతిలో పెట్టి, ఆమె బయటికి నడిచింది. ఇంటిదాకా రామచంద్రరావు వెనకే వచ్చాడు. ఇంటికొచ్చాక, "తప్పయిపోయింది కమలా" అన్నాడు. "నాతో అంటే సరిపోదు. రేపు వెళ్లి ఆ పిల్లతో అనండి" అని ఆమె లోపలికి వెళ్లిపోయింది.

ఆయన వెళ్లాడు, అన్నాడు. బాలకిషన్ దుకాణంవాడితో తగువుపడి, రేడియోగ్రాం వాడికే అప్పగించి, చిన్న ట్రాన్సిస్టరు తెచ్చి భార్య చేతిలో పెట్టాడు. సులోచన మొదట దాని మీట తిప్పి మోగించింది, వెంటనే ఆపేసింది, మళ్లీ మోగించింది. అలా కొంతసేపు ఆడుకుంటూనే ఉంది. జబ్బు నయం కావడానికి ఇంకా నెలలు పట్టింది గాని, తిండి మానేయడం మాత్రం ఆ రోజుతో ఆగింది. పాటల ఆఖరు ఎట్లుంటదో ఇప్పుడు ఆమెకు తెలుసు.

మరుసటి ఆదివారం కవాడిగూడ నుంచి సూర్యనారాయణమూర్తి అనే ఆయన సలహాకు వచ్చాడు. ఇంట్లోకి మంచి సెట్టు ఒకటి కావాలన్నాడు. రామచంద్రరావు అంతా విని, అలవాటు కొద్దీ, "ఒక్క నిమిషం, కాఫీ సంగతి..." అని లేచాడు.

వంటింటి గుమ్మంలో కమలాకుమారి ఎదురైంది. చేతులు కొంగుకు తుడుచుకుంటూ ముందుగదిలోకి వచ్చి, కుర్చీ లాక్కుని కూర్చుంది. రామచంద్రరావు గుమ్మంలోంచి వెనక్కి తిరిగాడు. తర్వాత, "ఈ విషయాలన్నీ తెలిసింది మా ఆవిడకేనండీ. ఇన్నాళ్లూ చెప్పింది కూడా తనే" అని, ఈసారి నిజంగానే కాఫీ సంగతి చూడ్డానికి లోపలికి వెళ్లాడు.

సూర్యనారాయణమూర్తి ఇబ్బందిగా కదిలాడు. "అదేనమ్మా, మా అమ్మ కోసం. కళ్లు బొత్తిగా కనబడటం లేదు. కాస్త ఖరీదైనది, చూడ్డానికి బాగుండేది..."

"ఆవిడ ఎక్కడున్నారు?"

"ఇంట్లోనే ఉందండీ."

"అయితే వెళ్లి రిక్షాలో పిలుచుకురండి, లేదా నేనే వస్తాను" అంది కమలాకుమారి. "వినే మనిషిని అడక్కుండా ఇచ్చే సలహా ఈ ఇంట్లో ఇక లేదు."